కబుర్ల మావయ్య దగ్గు

ఆ వీధిలో ఆయన్ని అందరూ కబుర్ల మావయ్య అనేవారు. మంచం దిగలేని ముసలివాళ్లకు ఇళ్లకు వెళ్లి గడ్డం గీయడం ఆయన పని. గీసేది పావుగంట, కూర్చునేది గంట. ఒకరింటి కబురు ఇంకొకరి చెవిన వేసేలోగా మూడిళ్లలో టీ అయ్యేది.

ఆయన అన్న గడియారాలు బాగుచేసేవాడు. ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. అన్న నోట మాట రావడమే గగనం. ఆ చలికాలం మొదట జ్వరం వచ్చింది అన్నకే. ఒళ్లు కాలిపోతుంటే తలుపేసుకుని పడుకున్నాడు. తగ్గాక లేచి మళ్లీ గడియారాల ముందు కూర్చున్నాడు. ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియనే తెలియదు.

తమ్ముడికి వచ్చింది దగ్గు మాత్రమే. రెండు పొట్టి దగ్గులు, వెనకే సన్నటి ఈల. ఇదీ ఒక జబ్బేనా అనుకుని క్షవరం పెట్టె పట్టుకుని బయల్దేరాడు.

మరుసటి వారం, మిట్టమధ్యాహ్నం, వీధిలో నడుస్తుంటే ఆయనకు తన దగ్గు వినిపించింది. తను దగ్గలేదు. పక్కనున్న ఇంట్లోంచి వచ్చింది. రెండు పొట్టివి, ఈల. ఎదురింట్లోంచి మళ్లీ అదే. దాని పక్కిల్లు నిశ్శబ్దం. ఆ ఇంటివాళ్లతో ఆయనకు మాటల్లేవు. మలుపు దగ్గర మళ్లీ ఈల. తను టీ తాగిన ఇళ్లన్నీ దగ్గుతున్నాయి. తను తొక్కని గడపల వెనక పిల్లలు ఎప్పట్లాగే అల్లరి చేస్తున్నారు.

ఆ సాయంత్రమే ఆసుపత్రి నర్సమ్మ ఇంటికి వచ్చింది.

"ఇంటికెవరొచ్చారని ఎవర్నడిగినా మీ మాటే చెప్తున్నారు, మావయ్యా."

"ముందొచ్చింది మా అన్నకి కదమ్మా. ఆయన వల్ల కావచ్చుగా?"

"ఆయన ఎవర్ని కలిశారు?"

మావయ్య తన పెట్టె మూసి మంచం కిందికి తోసేశాడు.

మావయ్య గడ్డం గీసే పాత బడి మాస్టారు ఆ దగ్గుతోనే ఆ వారం పోయారు. మావయ్య వెళ్లి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మీరొచ్చిన రోజే నాన్న నవ్వేవారు," అంది మాస్టారి కూతురు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

జబ్బు సద్దుమణిగాక కూడా చాలాకాలం ఇల్లు కదల్లేదు. చివరికి నర్సమ్మే బలవంతపెట్టి పంపింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్లేవాడు. కిటికీలు తెరిపించి, గీసి, మాటా పలుకూ లేకుండా లేచేవాడు.

"కాసేపు కూచోరా," అని ముసలివాళ్లు చెయ్యి పట్టుకునేవారు. ఊపిరి బిగబట్టి అలాగే నిలబడిపోయేవాడు. ఆ చెయ్యి విడిపించుకోవడం ఆయనకు చేతనయ్యేది కాదు.