మెతోదియా చెయ్యి పడిన కార్లు

బెరోవో ఊళ్లో మెతోదియా చెయ్యి పడని కారు లేదు. ఎవరిదైనా సరే, వీధిలో ఆగి ఉంటే చాలు, ముందు మూల మీద అరచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా పెట్టి మూడుసార్లు నొక్కి వదిలేవాడు. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని, తల ఓ పక్కకు వంచి, కారు ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టేవాడు. ఒక్కసారి లేచి కుదురుకుంటే, చక్రాల దగ్గర కుదుపు కాసే స్ట్రట్లు బాగున్నట్టు. రెండుసార్లు ఊగితే జబ్బు చేసినట్టు. మూడోసారీ ఊగిందా, "పోయినవాళ్లకు వెలిగించినట్టు దీనికీ కొవ్వొత్తి వెలిగించుకో" అనేవాడు. అదీ అతని శాస్త్రం. అంతకు మించి ఒక్క ముక్క రాదు.

ఈ మహానుభావుడు ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేశాడు. బస్సు నడిపింది లేదు, బస్సు కింద దూరింది లేదు, కనీసం ఒక చక్రం విప్పిన పాపాన పోలేదు. సొంత కారు మొదలే లేదు. ఎప్పుడో పాతికేళ్ల కిందట బస్సు కంపెనీ డైరెక్టరు కారును ఊరికే నొక్కి, "స్ట్రట్ల పని అయిపోయింది సార్" అన్నాడు. నిజంగానే అయిపోయి ఉంది. డైరెక్టరు పదిమందిలో భుజం తట్టాడు. ఇక చూడండి, ఆ రోజు నెత్తికెక్కింది ఈ రోజు దాకా దిగలేదు. కాఫీ హోటల్ ముందు కూర్చున్న మగాళ్లంతా కార్లు తెచ్చి అతని ముందు ఆపడం, ఇతను నొక్కడం, వాళ్లు తలలూపడం. మెకానిక్ లాజో షెడ్డు అక్కడికి నూరడుగులు. అక్కడికి మాత్రం ఎవరూ వెళ్లరు. వెళితే లాజో కారును పైకెత్తి లోపల చూస్తాడు కదా, ఉన్నదున్నట్టు చెప్తాడు కదా!

మెతోదియా చెల్లెలు జాగోర్కా ఊళ్లు తిరిగే నర్సు. పొద్దున్నే నీలం కారు తీసి, కొండ దాటి, పైనున్న పల్లెల్లో బాలింతలనీ పసిపిల్లలనీ చూసి వస్తుంది. వయసు యాభై ఆరు. ప్రసవాల దగ్గర రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోయే మొగుళ్లను చెంప మీద కొట్టి లేపే మనిషి. అలాంటిది అన్నయ్య మాట దగ్గరికొచ్చేసరికి మెత్తబడిపోతుంది. నాన్న పోయినప్పుడు ఆమెకు పదకొండేళ్లు. పదహారేళ్లు రాగానే అన్నయ్యే ష్టిప్ పట్నం తీసుకెళ్లి నర్సింగు స్కూల్లో చేర్పించాడు. చేర్పించినవాడు ఊరుకున్నాడా? నలభై ఏళ్లుగా వారానికోసారి గుర్తుచేస్తూనే ఉన్నాడు.

ఆ చలికాలం కారు తేడాగా నడవసాగింది. బ్రేకు వేస్తే ముందు చక్రాలు దడదడలాడేవి. మలుపులో పక్కకు జారినట్టుండేది. చిన్న గుంత తగిలినా కింద డబ్‌మని శబ్దం, చేతిలో స్టీరింగు అటూ ఇటూ గుంజులాట. టైర్ల అంచులు ఎలుకలు కొరికినట్టు అక్కడక్కడా అరిగిపోయాయి. ఏప్రిల్లో జాగోర్కా తిన్నగా లాజో దగ్గరికే వెళ్లింది. అతను చక్రం పక్కకు తిప్పించి, లైటు వేసి, వేలితో రాసి చూపించాడు. వేలంతా నల్లటి నూనె.

"అక్కా, స్ట్రట్లో నూనె బయటికి వచ్చేసింది. గుంత దెబ్బ కాసుకునేది ఈ నూనే. ముందువి రెండూ ఒకేసారి మార్చాలి. మార్చేదాకా కొండెక్కొద్దు."

ఈ కబురు కాఫీ హోటల్‌కు చేరడానికి పావుగంట చాలు. మెతోదియా కుర్చీలోంచి లేచి వచ్చేశాడు. వెనకే నలుగురు.

"ఏరా లాజో, మా చెల్లెలే దొరికిందా నీకు?" అంటూనే అరచెయ్యి ఆనించాడు. నొక్కాడు. ఒకటి, రెండు, మూడు. కారు కదల్లేదు. ఊగడం సంగతి సరే, చలనమే లేదు. మెతోదియా మొహం వెలిగిపోయింది. "చూశారా? రాయిలా నిలబడింది! కొత్త కారు కూడా ఇలా నిలబడదు!"

"అదే నాకూ అనుమానం," అన్నాడు లాజో. "ఇంత పాత కారు అసలు ఊగకపోవడమేంటి బాబాయ్? పైకెత్తి చూద్దాం ఉండు."

"నా చెయ్యి కంటే నీ లిఫ్టు గొప్పదా?"

"చేతికి నూనె కారడం తెలియదు కదా."

వెనకున్న నలుగురిలో ఒకడు కిసుక్కున నవ్వాడు. అంతే, మెతోదియాకు చెవుల దాకా ఎర్రబడింది. కారు మాట మర్చిపోయాడు, చెల్లెలు రోజూ ఎక్కే కొండ మాట మర్చిపోయాడు. నలుగురిలో తన పేరు నిలవాలి, అంతే కావలసింది. "జాగోర్కా, తాళాలు తీసుకో. నిన్ను స్కూల్లో చేర్పించిందెవరే? నేనా, వీడా?"

ఆమె తాళాలు తీసుకుంది. కానీ ఇంటికి వెళుతూ అంది: "నాకు భయంగానే ఉందన్నయ్యా. రేపు నువ్వూ నాతో రా."

"వస్తాను. నాకేం భయం?"

అతనికి నిజంగానే భయం లేదు. ఉండాలంటే కొంచెమైనా తెలిసి ఉండాలి. మర్నాడు ముందు సీట్లో కూర్చుని, కొండెక్కుతున్నంత సేపూ లాజోను తిడుతూనే ఉన్నాడు. పైమలుపు దగ్గర మంచు కరిగి రోడ్డు అలలు అలలుగా లేచిపోయింది. ఎదురుగా దుంగల లారీ వస్తోందని జాగోర్కా బ్రేకు వేసింది. కారు ఆగలేదు. ముందు చక్రాలు నేల మీద ఆనకుండా కప్పలా గెంతుకుంటూ పోయాయి. స్టీరింగు ఎటు తిప్పితే ఏం లాభం? కారు అడ్డంగా తిరిగి, లోయ అంచున పేర్చి ఉన్న పైన్ దుంగల గుట్టకు గుద్దుకుని ఆగింది. దుంగలకు అవతల ఏమీ లేదు. కింద, చాలా కింద, ఏరు.

వెనక సీట్లో పసిపిల్లల్ని తూచే కాటా పగిలి ముక్కలైంది. ముందు నోరు తెరిచింది మెతోదియానే.

"బ్రేకు అంత గట్టిగా తొక్కుతారా ఎవరైనా?"

జాగోర్కా అతని వైపు చూసింది.

లాజో వచ్చి కారును లాక్కెళ్లి లిఫ్టు మీద పైకెత్తాడు. కాఫీ హోటల్ మొత్తం షెడ్డు ముందే ఉంది. ముందు స్ట్రట్లు రెండూ పైనుంచి కింది దాకా నూనెతో తడిసి ఉన్నాయి. లాజో ఒక స్ప్రింగు మీది బురద గీకాడు. చుట్టల మధ్య ఏదో నల్లగా ఇరుక్కుని ఉంది. దాన్ని కట్టిన తీగ తెంపి, స్క్రూడ్రైవరుతో పెకలించి కింద పడేశాడు. మందపాటి రబ్బరు ముక్క. రెండో వైపు ఇంకొకటి. వెనక చక్రాల దగ్గర ఇంకో రెండు.

"ఇదీ సంగతి! స్ప్రింగులు బిగదీసేశారు. ఇక ఎంత నొక్కితే మాత్రం ఊగుతుందా? స్ట్రట్లు చచ్చి ఎన్నాళ్లయిందో! ఇదెవడి తెలివిరా బాబూ?"

మెతోదియాకు అప్పుడు గుర్తొచ్చింది. సెప్టెంబరు. ఐవార్ పచ్చడి పెట్టుకోవడానికి చెల్లెలి కారులో స్ట్రుమిత్సా నుంచి పన్నెండు బస్తాల ఎర్ర మిరపకాయలు తెచ్చాడు. బరువుకి కారు కుంగకుండా వెనక స్ప్రింగుల్లో రబ్బరు ఇరికించాడు. వెనక ఎత్తయితే ముక్కు కిందికి పోతుందని ముందూ ఇరికించాడు. ఇంటికొచ్చాక తియ్యాలనుకున్నాడు. మిరపకాయలు కాల్చడం, తొక్కలు తియ్యడం, గిలక్కొట్టడం, ఆ హడావిడిలో మర్చేపోయాడు. పచ్చడి మాత్రం చలికాలమంతా లొట్టలేసుకుంటూ తిన్నాడు.

జాగోర్కా వంగి నాలుగు ముక్కలూ తీసింది. చేతులు కడిగే బకెట్లో ముంచి బురద వదిలించింది. నేల మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. ఒకదాని మీద తోక, ఒకదాని మీద కాళ్లు, ఒకదాని మీద రెక్క, చివరిదాని మీద ఎర్ర జుట్టు. కోడిపుంజు.

ఆమె గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అది. సెప్టెంబరులోనే మాయమైంది. అప్పుడు అన్నయ్యే చెవిలో చెప్పాడు: "ఎదురింటి పావ్లినా వైపు ఓ కన్నేసి ఉంచు." ఇరవై ఏళ్లుగా రోజూ కలిసి కాఫీ తాగిన పావ్లినాతో ఏడు నెలలుగా మాటల్లేవు.

"అన్నయ్యా," అంది జాగోర్కా. గొంతు పెద్దది కాలేదు. "నేను చచ్చిపోయేదాన్ని. నువ్వూ చచ్చేవాడివి. పోనీలే, ఉన్నాం కదా. నేనే పెట్టాను, మర్చిపోయాను అని ఒక్క మాట చెప్పు. నాకింకేం వద్దు."

షెడ్డు ముందు నలుగురూ చూస్తున్నారు. పాతికేళ్లుగా అతని చెయ్యి చూసి తలలూపిన నలుగురు. మెతోదియా గొంతు సవరించుకున్నాడు.

"నాకేం తెలుసు? ఈ లాజోగాడే పెట్టి ఉంటాడు. గిరాకీ కోసం."

థూ! లాజో కూడా తిట్టలేదు. స్పానరు కింద పెట్టి, చేతులు తుడుచుకుంటూ పక్కకు తిరిగాడు. జాగోర్కా ముక్కలు ఏరుకుని, తిన్నగా పావ్లినా ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి ఏడ్చింది. తప్పు తనదే అంది. ఆ సాయంత్రం వాళ్లిద్దరూ మూడేసి కప్పుల కాఫీ తాగారు.

కారుకు కొత్త స్ట్రట్లు పడ్డాయి. గుమ్మానికి కొత్త పట్టా వచ్చింది, ఈసారి బాతు బొమ్మది. మెతోదియా ఇప్పటికీ ఆదివారం భోజనానికి చెల్లెలింటికి వెళతాడు. ఇప్పటికీ దారిలో ఆగి ఉన్న కార్లను నొక్కుతూనే వెళతాడు. అడిగేవాళ్లెవరూ లేరు, తనకు తనే చెప్పుకుంటాడు. జాగోర్కా మునుపటిలాగే లేచి తలుపు తీస్తుంది, మునుపటిలాగే వడ్డిస్తుంది. స్కూలు మాట ఎత్తితే అవునన్నయ్యా అంటుంది. కాకపోతే మెట్ల మీద అతని అడుగుల చప్పుడు వినగానే ముందు గుమ్మంలో పట్టా తీసి లోపల పెడుతుంది. మెతోదియా బూట్లు తుడుచుకుందామని కిందికి చూస్తే అక్కడ వట్టి సిమెంటు.