తెర వెనక మ్యాపు

చిక్కు పడితే చాలు, వీణ చెప్పులు విడిచి కుర్చీలోనే బాసింపట్టు వేసుకుని కంప్యూటర్‌ని తిట్టడం మొదలుపెడుతుంది. రాయగడలో చాలా కొట్ల వెబ్‌సైట్లు ఆమె చేతివే. ఆ ఉదయం చిన్నాన్న తిరుమలరావు పసుపు కొట్టు సైటుకి ప్రారంభం. కొట్టుకి రిబ్బను కట్టినట్టే పేజీలో మ్యాపు మీద ఎర్ర తెర వేయించాడాయన. బేరగాళ్లంతా కొట్లో చేరి చూస్తుండగా తెర తొలగింది. లోపల ఉత్త బూడిదరంగు గడి!

"ఏటమ్మీ, మన కొట్టేది?" కొబ్బరికాయ పట్టుకుని ఆయన బిగుసుకుపోయాడు.

వీణ కాసేపు తిట్టి, ఉన్నట్టుండి తొడ చరిచింది. "తెర మూసుండగానే మ్యాపుని పిలిసేను సిన్నాన్నా! సోటెంతుందో తెలీక ముడుసుకుపోయింది."

తెర తీశాకే మ్యాపుని పిలిచేలా కోడ్‌లో వరస మార్చింది. రోడ్లు, రైలుపట్టాలు, కొట్టు మీద ఎర్ర గుర్తు గబగబా విచ్చుకున్నాయి. తిరుమలరావు వీధిలోకి పరుగెత్తి ఆకాశంకేసి చేతులూపాడు.

"అమ్మీ, నాను కనిపిస్తన్నానేటి?"

"కనిపిస్తన్నావు సిన్నాన్నా, కండువా సర్దుకో!"