పదిహేడో ఎక్కం ఆగిన చోట

మా టీచర్‌గారు పోయిన ఆదివారం ఉదయం కన్నుమూశారు. నేను అశోక్ నగర్‌లో రీడింగ్ రూంలో ఉన్నాను. నా పక్క గది స్వరూప ఫోన్ చేసి, "అక్కా, టీచర్‌గారు ఇగ లేరు. గుండె ఆగిందంట. జర జల్దీ రా" అన్నది. అక్కడ బయటికి రావాలంటే వరసంతా కుర్చీలు జరపాలి. ఒక్కొక్కరే విసుక్కుంటూ జరిపారు.

చిక్కడపల్లిలో ఆమె ఇంటి పైగదుల్లో ఉద్యోగ పరీక్షలకు చదివే అమ్మాయిలం కిరాయికి ఉంటున్నాం. ఆమె లెక్కల టీచరుగా రిటైరై, తమ్ముడి కుటుంబంతో కింద ఉండేవారు. సాయంత్రాలు వరండాలో మాకు లెక్కలు చెప్పేవారు. నోటితోనే చెయ్యాలి, పెన్ను ముట్టకూడదు. "తొందరపడి చెప్పిన జవాబు నీది కాదమ్మా, నీ భయానిది" అనేవారు. పరీక్ష మళ్లీ వాయిదా పడిందని నేను గదిలో ఆ గోడకూ ఈ గోడకూ తిరుగుతుంటే కింది నుంచి కేక వినిపించేది: "నా నెత్తి మీద ఆ ఊరేగింపు ఆపి కిందికి రా!"

కిందటి చలికాలం జారిపడి ఆమె తుంటి ఎముక విరిగింది. నారాయణగూడలో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఎముక సంగతి దిగుల్లేదన్నారు. మనిషే వేరైపోయారు. మంచానికి రెండు పక్కలా ఎత్తిన కడ్డీలు పట్టుకుని, "నా పేపర్ అయిపోయింది. గంట కొట్టరేం? తలుపు తీయమనండి" అని బతిమాలేవారు. సొంత తమ్ముణ్ని ఇన్విజిలేటర్ అనుకున్నారు.

మాకు తెలిసిన వైద్యం ఒక్కటే, రివిజన్. మరిచిపోయినవాళ్లను మళ్లీ మళ్లీ అడగాలి. వంతులు వేసుకుని పక్కన కూర్చున్నాం. ఆమె కళ్లు మూసుకుంటే భుజం తట్టేవాళ్లం. "టీచర్‌గారూ, పదిహేడో ఎక్కం చెప్పుండ్రి" అన్నది స్వరూప. సగంలో ఆగారు. మొదటి నుంచి ఎత్తుకుని, మళ్లీ అక్కడే ఆగి, చిన్నపిల్లలా ఏడ్చారు.

నర్సు మా మీద పడింది. "ఏందమ్మా మీ లొల్లి? ఇది దవాఖానా, కోచింగ్ సెంటరా? ముసలామెకు జర కన్నంటుకుంటే లేపుతరా?"

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. పెద్ద వయసులో మత్తుమందు, ఆపరేషన్, నొప్పి, వీటికి తోడు వార్డు లైట్లకూ మిషన్ల చప్పుళ్లకూ నిద్ర లేకపోతే మనసు ఇలా చెదిరిపోవచ్చట. చాలామందికి సర్దుకుంటుందట, కొందరికి కొంత వెలితి మిగులుతుందట. ప్రశ్నలు కాదు, నిద్ర కావాలన్నాడు.

ఇంటి నుంచి కళ్లజోడు, చెవి మిషన్ తెచ్చి పెట్టాం. పగలు కర్టెన్ తీసి, చీకటి పడ్డాక లైటు ఆర్పించాం. తట్టడం మానేశాం. మెల్లగా పేర్లు తిరిగొచ్చాయి. ఒకరోజు నన్ను చూసి, "ఏం ఊరేగింపూ, తిన్నావా?" అన్నారు. నేను వార్డు బయటికి పోయి ఏడ్చాను.

ఇంటికి వచ్చాక కూడా లెక్కలు మాత్రం పూర్తిగా రాలేదు. "అన్నీ తెలుస్తున్నాయే. మధ్యలో గుర్తుపెట్టుకున్న అంకె ఎటో పోతోంది. గదిలో దీపం ఉంది, తలుపే కనబడట్లేదు" అన్నారు. తమ్ముడు, "ఇంక చాల్లే అక్కా, విశ్రాంతి తీసుకో" అన్నాడు. "చాలో లేదో నేను చెప్పాలి, నువ్వు కాదు" అని, నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. నేను నేర్చుకుంటాను."

పోయిన నెల ఒక మధ్యాహ్నం వరండాలో పలక మీద భాగహారం వేశాను. ఆమె లెక్కలో ఒక్కో మెట్టూ పెదవులతో అనుకుంటూ దిగుతున్నారు. సగంలో శేషం వచ్చింది. అది జారిపోతుందేమో అన్నట్టు దాని మీద చూపుడువేలు గట్టిగా నొక్కిపెట్టి, "ఉండు, చెప్తాను" అన్నారు. చెప్పలేదు. వేలు అక్కడే ఉంచి, కుర్చీలో నిద్రపోయారు. నాకు క్లాసు టైమవుతోంది. పలక రెండో చివర నా చేతుల్లోనే ఉంది. ఎండ మెట్ల మీద నుంచి ఆమె పాదాల దాకా వచ్చింది. నేను కదలలేదు.