మీగడ అవార్డు

అవార్డు వచ్చిన సినిమా అంటే మా బాపుకు భయం. అందులో ఒక బర్రె ఉంటుంది, కరెంటు ఉండదు, ఒక మనిషి గోడకేసి చూస్తూ కూర్చుంటాడు అని ఆయన లెక్క. పురానాపూల్ దగ్గర మాది పాల దుకాణం, పైన ఇల్లు. పొద్దున లేస్తే చూసే బర్రెలను టికెట్టు కొని మరీ చూడటమెందుకని ఆయన వాదన. నాకు మాత్రం ఆ సినిమాలంటే ప్రాణం. అలాగని అవార్డు వచ్చిన ప్రతిదాన్నీ నెత్తిన పెట్టుకోను. పేదవాళ్లను అందంగా చూపించి, వాళ్లను ఒక్కసారి కూడా నవ్వనివ్వని సినిమాకు ఎన్ని పతకాలొచ్చినా నాకు ఒళ్లు మండుతుంది. మా గల్లీలో అంతకన్నా పేదవాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతారు.

నటన విషయంలో నేను ఇంకా మొండిదాన్ని. నటుడు చాయ్ కప్పు ఎత్తగానే అది ఖాళీదో కాదో చెప్పేస్తాను. ఖాళీ కప్పును ఊదుకుంటూ తాగిన మహానటులను చాలామందిని చూశాను. వేడి చాయ్ పెదవికి తగిలినప్పుడు కనురెప్ప కొంచెం అదురుతుంది. అది చేసి చూపినవాడికే నా ఓటు. నటనంతా ముఖంలోనే ఉందని ఆఫీసులో, ఇంట్లో, ఎవరు దొరికితే వాళ్లతో వాదించేదాన్ని.

మా ఇంట్లోనూ ఒక అవార్డు ఉంది. పెట్టింది అమ్మ. సినిమా చూశాక ముగ్గురం వంటింట్లో కూర్చుని, బాగా చేసిన ఒకరిని ఎంచాలి. హీరోకు, హీరోయిన్‌కు ఇవ్వకూడదు.

"పెద్దోళ్లకు సర్కారు ఇస్తది. చిన్నోళ్లకు మనమే ఇయ్యాలె" అనేది అమ్మ.

అందుకని మా అవార్డులన్నీ బస్సు కండక్టరుకు, పెళ్లిలో వడ్డించినవాడికి, కోర్టు సీనులో వెనక బెంచీ మీద ఆవులించిన ముసలావిడకు వెళ్లేవి. ఎవరు చెప్పిన మనిషి గెలిస్తే, ఆ రోజు కాచిన పాల మీది మీగడ వాళ్లది. తీర్పరి అమ్మే కాబట్టి మీగడ ఎక్కువగా అమ్మకే దక్కేది. సినిమా అంతా గురక పెట్టిన బాపు కూడా చివర్లో తన వాటా అడిగేవాడు.

పోయిన వానాకాలం ఒక పొద్దున అమ్మ చాయ్ తాగుతుంటే, నోటి ఎడమ మూల నుంచి చీర మీదకు కారింది. తుడుచుకుని మళ్లీ తాగింది. మళ్లీ కారింది. ఎడమ కన్ను మూతపడటం లేదు. పక్షవాతమేమోనని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు చూసి, ఇది ముఖంలోని నరానికి వచ్చిన వాపేనని, నెమ్మదిగా తగ్గుతుందని చెప్పాడు. మందులిచ్చి, రోజూ అద్దం ముందు కూర్చుని బుగ్గలు పూరించమని, కనుబొమలు ఎత్తమని, ఈల వేయమని చెప్పాడు.

నెలలు గడిచాయి. కన్ను మూతపడింది, చాయ్ కారడం ఆగింది. మూతి మాత్రం, నవ్వితే కుడివైపుకే పోయేది. దాంతో అమ్మ నవ్వడం మానేసింది. దుకాణంలో గల్లా దగ్గర కూర్చుని వచ్చే పోయే వాళ్లందరి మంచిచెడ్డలూ అడిగే మనిషి, కిందికి దిగడమే మానేసింది. పైనే పాలు కాచి, పెరుగు తోడుపెట్టి, బాపుతో కిందికి పంపేది. బాపు మాటల మనిషి కాదు. గిరాకీలు పాలు పోయించుకుని వెళ్లిపోయేవారు. ఎవరైనా పైకి వస్తే అమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకునేది. సినిమా ఊసే లేదు, మీగడంతా నెయ్యికే పోయేది.

నరం ఎప్పటికైనా సర్దుకుంటుందని నాకు నమ్మకం ఉంది. ఈలోగా అమ్మ వంటింటికే అలవాటు పడిపోతుందేమోనని భయం పట్టుకుంది. కోపమూ వచ్చేది. అద్దం తెచ్చి ఎదురుగా పెడితే బోర్లించేసేది. ఒక ఆదివారం నేనే అద్దం పట్టుకుని పక్కన కూర్చున్నాను. కనుబొమ ఎత్తి విలన్‌ని చేశాను. బుగ్గలు పూరించి అలిగిన మామగారిని చేశాను. అమ్మ పక్కకు తిరిగింది.

"నీకు ఆట లెక్కున్నది బిడ్డా. నా మొఖం నాకే సూడబుద్ధి అయితలేదు" అంది.

ఏడుపొచ్చింది. అద్దం తీసి బీరువా వెనక పెట్టేశాను.

ఆ సాయంత్రం టీవీలో, దేశదేశాలు తిరిగి అవార్డులు తెచ్చుకున్న ఒక సినిమా పెట్టుకున్నాను. బాపు లెక్క తప్పలేదు. మొదటి సీనులోనే బర్రె వచ్చింది, ఆయన నిద్రలోకి జారుకున్నాడు. అమ్మ బియ్యం ఏరుతూ ఒక కన్ను ఇటు వేసింది. కథలో ఒక ముసలామెకు భర్త పోయాడని కబురొస్తుంది. అప్పటినుంచి కెమెరా ఆమె ముందుకు రాదు, వెనకే నిలబడుతుంది. ఆమె తీగ మీది బట్టలు తీసి మడత పెడుతూ ఉంటుంది, అంతే. ముఖం చూపించకుండా ఇదేం నటన అని విసుక్కున్నాను.

"ఏడుస్తున్నది సూడు" అంది అమ్మ.

ముఖమే కనబడటం లేదు కదా అన్నాను.

"మొఖం ఎందుకే. ఆ మెడ సూడు. మడతవెట్టిన అంగీనే ఇప్పి మల్ల మడతవెడ్తున్నది."

నిజమే. చాయ్ కప్పుల మీద కన్నేసి ఇన్నేళ్లూ నేను ఎవరి మెడా చూడలేదు. అమ్మ చేట పక్కన పెట్టి చివరిదాకా చూసింది. ఈమె హీరోయిన్ అయిపోయింది గానీ, లేకుంటే మన అవార్డు ఈమెకే ఇచ్చేదాన్నని అంది. ఎన్ని నెలల తర్వాతో ఆమె నోట అవార్డు మాట వచ్చింది. నాకు లోపల దీపం పెట్టినట్టయింది.

మర్నాడు నేను ఆఫీసుకు తయారవుతుంటే అమ్మ మెట్లు దిగుతోంది. వెనకే దిగాను. బాపు లేచి స్టూలు ఖాళీ చేశాడు. అమ్మ కొంగు మాత్రం మూతి మీదే ఉంది. అంతలో రోజూ పెరుగు తీసుకెళ్లే పెద్దాయన వచ్చాడు. రోడ్డవతల ఆయనది తాళాల దుకాణం. అమ్మ ఆయనను భాయ్ అంటుంది. ఏళ్ల తరబడి ఇద్దరికీ పెరుగు మీద కొట్లాటే. ఇన్నాళ్లూ ఎక్కడున్నావనీ, ఒంట్లో ఎట్లుందనీ ఆయన అడగలేదు.

"క్యా అమ్మా, నువ్వు కూసోనప్పటి సంది దహీ మొత్తం ఖట్టా అయింది. గిట్లయితే నేను దూస్రా దుకాణం చూసుకుంట" అన్నాడు.

అమ్మకు రోషం వచ్చింది. కొంగు వదిలేసి రెండు చేతులతో పెరుగు కుండ ముందుకు లాగి, రుచి చూసి మాట్లాడమంది. ఆయన చూసి, పులుపేనన్నాడు. నాలుకను డాక్టరుకు చూపించుకోమంది అమ్మ. ఇద్దరూ గొంతులు పెంచారు. ఆ లొల్లిలోనే అమ్మకు నవ్వొచ్చేసింది, మూతి కుడివైపుకు పోయింది. ఆయన సూటిగా ఆ ముఖంలోకే చూస్తూ, పెరుగు గురించి ఇంకో మాట విసిరి వెళ్లిపోయాడు.

సాయంత్రం చాయ్ తాగుతూ, సినిమా చూడకున్నా ఇవాళ అవార్డు ఇవ్వాల్సిందేనంది అమ్మ. ఎవరికని అడిగాను.

"ఆ భాయ్‌కి. నన్ను సూడంగనే ఆయన చేతిల గిన్నె వణికింది. మొఖంల మాత్రం ఏం తెల్వనియ్యలే. పెరుగు రోజు నేనే తోడువెడ్తున్న గదా బిడ్డా, పుల్లగ ఎట్లయితది? ఎంత మంచిగ చేసిండు."

బాపు ఈసారి తన వాటా కూడా అడగలేదు.

మర్నాడు ఆయన పెరుగు పక్కన, చిన్న స్టీలు గిన్నెలో మీగడ పెట్టింది అమ్మ. ఇదెందుకని అడిగాడు. నీకొచ్చింది, తీసుకో భాయ్ అంది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. గిన్నె జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకుని రోడ్డు దాటాడు. అమ్మ నవ్వుతూనే తర్వాతి గిరాకీకి పాలు పోసింది.