చిన్నమ్మ అడిగిన తీర్పు

నల్లకోటు కొత్తగా తొడుక్కున్న ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, తమిళనాడులోని ధర్మపురి కోర్టులో ఒక అరవ సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరాను. కేసు కట్టలు మోయడం, వాయిదాలు అడగడం తప్ప చేసిందేమీ లేదు. అయినా బస్సులో పక్క సీటువాడికి కూడా అడక్కుండానే సలహా ఇచ్చేవాణ్ణి. మహేంద్రమంగళంలో ఉండే మా చిన్నమ్మ పదేళ్ళు మొగుడి దెబ్బలు భరించి, చివరికి మా సీనియర్ దగ్గరికి వచ్చింది. విడాకులు తీసుకోమని నేను ఎంత చెప్పినా వినలేదు. "తెంచేది వద్దు నాయనా. వేరేగా ఉండేదానికి కోర్టు తీర్పు ఇస్తే చాలు" అంది. తాళి మీద మమకారం కాబోలు, పాతకాలం మనిషి అని జాలిపడ్డాను. (పాతకాలం మనిషికి అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు.)

ఆమె అడిగిన తీర్పే వచ్చింది. ఆ వారమే పాలకోడు టమాటా మండీలో ఆమె మొగుడు, అంటే మా చిన్నాయన, ఎదురుపడ్డాడు. "ఏమప్పా వక్కీలూ, కోర్టు మమ్మల్ని వేరు చేసేసె కదా. నేను ఇంకో పెండ్లి చేసుకోవచ్చునా?" అని అడిగాడు. నన్ను వకీలని పిలిచిన మొదటి మనిషి ఆయనే. ఆ పిలుపుకు ఉబ్బిపోయి, "దానికేం చిన్నాయనా, ఈ తీర్పూ విడాకులూ రెండూ ఒకటే. చేసుకో" అనేశాను.

పది రోజుల తర్వాత, చిన్నాయన బి. మల్లాపురంలో పిల్లను చూడటానికి వెళ్ళాడని తెలిసి, నా ఘనకార్యం సీనియర్‌కు చెప్పుకున్నాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి "అడ పావీ!" అన్నాడు, ఓరి పాపీ అని. ఆ తర్వాత అన్న అరవం ఇక్కడ రాయలేను, సారాంశం మాత్రం ఇది: విడాకులైతే పెళ్ళే పోయినట్టు. ఈ తీర్పుతో ఒక ఇంట్లో ఉండనక్కర్లేదంతే, పెళ్ళి అలాగే ఉంటుంది. పొలం మధ్య గట్టు వేసుకున్నా పట్టా ఉమ్మడిదే అయినట్టు. ఇప్పుడు ఇంకో పిల్లను కట్టుకుంటే ఆ పెళ్ళి చెల్లదు. మీ చిన్నాయన జైల్లో ఉంటాడు, ఆ పిల్ల బతుకు నడివీధిలో ఉంటుంది.

కోటు కూడా విప్పకుండా మల్లాపురం బస్సెక్కాను. నేను చేరేసరికి చిన్నాయన పెళ్ళికొడుకు బింకంతో మిక్చర్ తింటున్నాడు. తలుపు పక్కన పిల్ల నిలబడి ఉంది, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. "చిన్నాయనా, నేను చెప్పింది తప్పు. చిన్నమ్మ ఇంకా నీ భార్యే" అని అందరిలో చెప్పేశాను. పిల్ల తండ్రి మిక్చర్ పళ్ళెం మెల్లగా తన వైపు లాక్కున్నాడు. "ఏం చదివినావురా నువ్వు!" అని చిన్నాయన బస్టాండు దాకా తిడుతూనే వచ్చాడు.

మర్నాడు చిన్నమ్మ దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. తాళి మీద మమకారం అనుకున్నానని కూడా చెప్పాను.

"తాళి మీద ఆశ అనుకుంటివా? నేను తెంచుకుంటే ఆ మనిషి ఇంకో పిల్లను తెచ్చుకుంటాడు. నేను పడిందంతా ఆ పిల్ల ఎందుకు పడాల?"

"ఏడాది దాటితే విడాకులు కావాలని ఆయన కూడా కోర్టుకు రావచ్చు చిన్నమ్మా" అన్నాను. (ఈసారి పుస్తకం చూసే వచ్చాను.)

"రానీ. అప్పుడు జడ్జి ముందర నేనూ నోరు తెరుస్తా."

ఆయన రాలేదు. ఇప్పుడు భార్యాభర్తల కేసు ఏది వచ్చినా, ఏం కావాలని అడిగాక, ఎందుకు కావాలని కూడా అడుగుతాను. ఆ రెండో ప్రశ్న ఆనాటి కుర్రవాడికి తోచలేదు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా.