ఇంజను గొట్టానికి కట్టిన చీరగుడ్డ

నా చిన్నప్పుడు మా ఇంజను గాలి పీల్చుకునే గొట్టానికి అమ్మ పాత చీర ముక్క కట్టేవాళ్ళమని మొన్న చెబితే మా మనవడు పడీ పడీ నవ్వాడు. వాడిది టర్బో కారు. గాలి వడకట్టడానికి కంపెనీ వాళ్ళు అమర్చిన ఫిల్టరు పెట్టె పీకేసి, దాని చోట బయటికి కనిపించే ఇంకో ఫిల్టరు బిగించుకొచ్చాడు. గాలి ఎక్కువ పోతుందట, బండి దూకుతుందట. యాక్సిలేటరు తొక్కి, ఆ బుస్సుమనే చప్పుడు నాకు వినిపించి, ఎట్లుంది అవ్వా అని అడిగాడు. బాగుందన్నాను. బాగానే ఉంటుంది, అదే కదా దాంతో వచ్చిన తంటా. అలాంటి చప్పుడుకే మురిసిపోయి నేను చేసిన నిర్వాకం వాడికి చెప్పడానికి ఆ రోజు నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు గుత్తికి నాలుగైదు మైళ్ళు. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మా నాయన శెనక్కాయలు ఒలిచే మిషను పెట్టాడు. దాన్ని తిప్పడానికి డీజిల్ ఇంజను ఉండేది. కాయలు పొట్టు వదిలేటప్పుడు లేచే ఎర్ర దుమ్ములో ఎదుటి మనిషి కూడా సరిగ్గా కనిపించడు. ఆ దుమ్ము ఇంజను లోపలికి పోతే ఇక అంతే సంగతులు. నాయనకు ఇంజనుతో వచ్చిన ఫిల్టరు మీద నమ్మకం లేదు. అందుకని దాన్ని పీకేసి, గాలి గొట్టాన్ని పొడుగు చేసి, వెనక గోడలోంచి షెడ్డు బయటికి తీసి, దాని మూతికి నూలు చీర ముక్క మూడు మడతలేసి తీగతో కట్టించాడు. రెండు గంటలకొకసారి ఆ గుడ్డ విప్పేసి, ఉతికి ఆరేసిన ఇంకో గుడ్డ కట్టాలి. అయిదో తరగతితో నా బడి అయిపోయింది కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

ఇంజను చూసుకునే ఆయన్ని నేను ఇంజనన్న అనేదాన్ని. ఆరేళ్ళుగా మా దగ్గరే పని. భార్య, చంటిబిడ్డ. ఇంజను వేడి మీద శెనక్కాయలు కాల్చి, ఊది ఊది నా దోసిట్లో పోసేవాడు. ఆ ఏడు కరువు. చేలల్లో కూలి పని లేదు, ఆ ఇంటికి మా షెడ్డు ఒక్కటే ఆధారం. మాకు మాత్రం ఏముంది? నాలుగు కాయలు పండిన రైతులు నాలుగు బండ్లలో తెస్తే అదే మా మిషనుకూ మాకూ తిండి.

సరిగ్గా అప్పుడే బడి ముందర మైదానంలో ఒకాయన ఏడు రోజులు దిగకుండా సైకిలు తొక్కే ఆట మొదలుపెట్టాడు. సైకిలు మీదే తిండి, సైకిలు మీదే స్నానం, గడ్డం గీసుకోవడం కూడా దాని మీదే. మైకులో పాటలు షెడ్డు దాకా వినిపించేవి. ఇక నా కాళ్ళు అక్కడ నిలుస్తాయా? మొదటి రోజు మధ్యాహ్నం గుడ్డ దుమ్ముతో బిగుసుకుపోయి, ఇంజను మొరాయిస్తూ నల్లటి పొగ కక్కుతోంది. మార్చుదామంటే రెండో గుడ్డ ఉతకనే లేదు. ఉతకాలంటే నీళ్ళకు బావి దాకా నడవాలి. ఉన్నది విప్పేసి, కాసేపే కదా అని గొట్టాన్ని అట్లాగే వదిలేశాను. ఆ మరుక్షణం ఇంజను చప్పుడు మారిపోయింది. పొగ పోయింది, చక్రం వేగం అందుకుంది. ఈ పొద్దు ఇంజను కాల్లో ముల్లు తీసినట్టు పోతాండాదని ఇంజనన్న లోపల నాయనతో అంటుంటే విన్నాను. ఏదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను నా మొహానికి. ఇక రోజూ అన్నాలు తినగానే గుడ్డ విప్పడం, గోడ సందులో దాచడం, సైకిలు ఆటకు పరుగెత్తడం. పొద్దు వాలే లోపల వచ్చి మళ్ళీ కట్టేదాన్ని. తీగ చుట్టడానికి ఓపిక లేక నా జడ రిబ్బనుతో కట్టేశాను. అయిదు రోజులు ఇట్లాగే జరిగింది.

ఆరో రోజు పొద్దున ఇంజనన్న హ్యాండిలు తిప్పితే అది బిగువు లేకుండా గిరగిరా తిరిగింది. చెమటలు కక్కుతూ ఎంతో సేపు తిప్పితే ఒకసారి అంటుకుని, నీలం పొగ వదిలి ఆగిపోయింది. బండ్ల వాళ్ళు చుట్టూ మూగారు. నాయన లోపలి నూనె చూశాడు. నల్లగా, అడుగున కాస్తంత ఉంది. మంచి ఆయిల్ అమ్ముకొని కాలిన ఆయిల్ పోసినావు కదరా అని అంతమందిలో అనేశాడు. ఇంజనన్న బిడ్డ మీద ఒట్టేసినా వినలేదు. మళ్ళీ ఈ గడప తొక్కొద్దన్నాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను. దుమ్ము పోతే ఇంజను చస్తుందని వంద సార్లు విన్నదాన్ని, నాకు తెలియదా? నోరు పెగల్లేదు. గొట్టం గుడ్డ పాప పని, దాన్ని అడుగు అని ఆయన ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు. టవలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

గుత్తి నుంచి మేస్త్రీ రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో ఊరంతా ఆయన్ని ఆయిల్ దొంగను చేసేసింది. పిండిమర దగ్గర పని అడిగితే వద్దన్నారట. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఈ మాటే చెప్పుకుంటుంటే ఆయన భార్య బిందె పట్టుకుని నా వెనకే నిలబడి ఉంది. నేను తల తిప్పి చూడలేదు.

మేస్త్రీ తాత రైల్వేలో డీజిల్ ఇంజన్లు బాగుచేసి రిటైరైన ముసలాయన. ఇంజను విప్పి, లోపల వేలు పెట్టి చూసి, ఆయిల్ మంచిదే, దుమ్ము తిన్నాదని మాత్రం నాయనతో అన్నాడు. తర్వాత ఒక్కడే షెడ్డు వెనక్కు పోయి, నీళ్ళు తెమ్మని నన్ను పిలిచాడు. నా అరచేతిలో నాలుగు చుక్కల నూనె పోసి, గొట్టం లోపలి దుమ్ము చిటికెడు తీసి దాని మీద వేసి, రెండు చేతులూ గట్టిగా రుద్దమన్నాడు. రుద్దాను. ఆపొద్దన్నాడు. చర్మం ఎర్రబడి, మంట పుట్టి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాక చాలన్నాడు. ఇంజను బాగా పోతాందని మీరు సంబరపడినప్పుడంతా దాని లోపల ఇదే జరుగుతాండాదని చెప్పాడు. రైలింజన్లలో అయితే, ఇప్పటి మా మనవడి టర్బో లాగా, గాలిని లోపలికి తోసే చక్రం ఉంటాదట, అది దుమ్మును ఇంకా ఆత్రంగా మింగుతాదట. చెప్తూనే గొట్టం మూతికున్న రిబ్బను విప్పి నా చేతిలో పెట్టాడు.

"నేను చెప్తే నీకు దెబ్బలే మిగుల్తాయి పాపా. నువ్వు చెప్తే ఇంజను చూసే ఆయప్ప పేరన్నా మిగుల్తాది" అన్నాడు. అని, తన సామాన్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

వెళ్ళి నాయనతో చెప్పాను. నాయన చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దింపి, పక్కనున్న బస్తా మీద కూలబడ్డాడు. కాసేపటికి సైకిలు తీసి, నన్ను వెనక ఎక్కించుకున్నాడు. ఇంజనన్న, ఆయన భార్య సర్కారు పెట్టిన కరువు పనిలో రోడ్డుకు కంకర కొడుతున్నారు. బిడ్డ గొడుగు నీడలో పడుకుని ఉంది. తప్పు నా పాపది, నేను మాట జారితిని, రాప్పా పోదాం అన్నాడు నాయన. జీవితంలో మా నాయన ఇంకొకరి ముందు తల వంచడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇంజనన్న సుత్తి కింద పెట్టలేదు. "పాప చిన్నది, తెలీక చేసింది. నీకేమాయ అన్నా? ఆరేండ్లు నీ కాడ చేసినా. ఒక్క మాట అడగకుండానే దొంగను చేస్తివే" అన్నాడు.

అప్పుడు ఇంజనన్న నా వైపు చూశాడు. "చేతులకేమాయ పాపా, అంత ఎర్రగా ఉండాయి?" అని అడిగాడు. ఆయన చేతులు కంకర కొట్టి బొబ్బలెక్కి ఉన్నాయి. నేను భోరున ఏడ్చాను.

ఆయన మళ్ళీ మా షెడ్డుకు రాలేదు. నాలుగు రోజులకే పెళ్ళాం బిడ్డను తీసుకుని బళ్ళారి వైపు వెళ్ళిపోయాడని తెలిసింది. తప్పు తనదేనని నాయన వచ్చిన ప్రతి బండివాడికీ చెప్పాడు. అందరూ విన్నారు. వినాల్సిన మనిషి ఊళ్ళో లేడు.

ఇప్పుడు మా ఇంట్లో ఏది చెడిపోయినా, పనమ్మాయినో డ్రైవరునో ఎవరైనా ఒక మాట అనబోతే నేను అడ్డం పడతాను. ముందు మనవాళ్ళను అడగండి అంటాను. అవ్వకు చాదస్తం అంటారు, అననీ. గొట్టానికి గుడ్డ విప్పిన పిల్లను నేను ఎప్పుడో క్షమించేశాను. రెండు రోజులు నోరు మూసుకుని కూర్చున్న పిల్లను క్షమించడం మాత్రం ఈ వయసుకు కూడా నా వల్ల కావడం లేదు.