సారు వదులుమనక ముందే నెట్టు ఆగింది

స్వైన్ ఫ్లూ పరేషాన్‌ల మా శంషాబాద్ దవాఖానల నా లెక్క ఎక్స్‌రే తీసేటోళ్లకు ఇయ్యాల ఆన్‌లైన్ ట్రైనింగ్ పెట్టిండ్రు. ఒక్క పూటల అంతా నేర్పిస్తరంట. ఉత్తగ ప్రాక్టీసుకు పేషెంటు లెక్క నిలబడుమని సాతంరాయి నుంచి వచ్చే మా ఆయా యాదమ్మక్కను బతిమాలిన. ఆమె మాస్కు కట్టుకొని ఎక్స్‌రే ప్లేటుకు ఛాతి ఆనించి నిలబడ్డది.

కంప్యూటర్ల కనవడే ట్రైనింగ్ సారు, "గాలి గట్టిగా పీల్చి బిగపట్టండి" అన్నడు. అక్క బిగపట్టింది. అప్పుడే నెట్టు ఆగింది. సారు నోరు తెరిచి అట్లనే ఉండిపోయిండు. రోజూ అందరికి "ఇగ వదులు" అని చెప్పే నేను, సారే చెప్తడని తెర దిక్కు చూసుకుంట నిలబడ్డ.

అక్క భుస్సుమని గాలి వదిలి నా మీదికి మర్లింది. "ఆయన ఆగిపోతే నన్ను గూడ ఆగిపొమ్మంటవా తమ్మీ? నీకు నోరు లేదా?"

ఇంతల నెట్టు మళ్ల వచ్చింది. సారు నవ్వుతూ, "అందరికీ అర్థమైందా అండీ?" అని అడిగిండు.

నాకంటే ముందు అక్కనే జవాబిచ్చింది. "పీల్చుడు అర్థమైంది సారూ. వదులుడు ఇంక రాలే."

రేపటి నుంచి నేను ఎక్స్‌రే తీస్తుంటే, తలుపు కాడ నిలబడి "వదులు" అని అక్కనే అరుస్తదంట. నవ్వింది చాలు గని, మీరే చెప్పుండ్రి: ఎవల మాట నమ్మి ఊపిరి బిగపడ్తరు, నాదా, అక్కదా?